ఒహైయోలో ‘సీనియర్ లెవీ’ అంటే ఏమిటి? వృద్ధులకు ప్రభుత్వ బీమా మెడికేర్ ఉండగా అదెందుకు?

అమెరికాలోని ఒహైయోలో సీనియర్ లెవీ అంటే కౌంటీ (మన జిల్లా లాంటిది) ఓటర్లు ఓటేసి ఆమోదించే ఆస్తిపన్ను. ఆ డబ్బు వృద్ధుల సేవలకే వాడాలి. ఇంటికి భోజనం, ఆసుపత్రికి రవాణా లాంటివాటికి 1965 నాటి ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్ కింద ఫెడరల్ నిధులు వస్తాయి గానీ అందరికీ సరిపోవు. ఆ లోటు పూడ్చేది ఈ పన్నే.

లెక్క కాస్త తికమకగా ఉంటుంది. ఇంటి మార్కెట్ విలువలో 35 శాతం మీదే పన్ను వేస్తారు. అందులో ప్రతి 1,000 డాలర్లకు 1 డాలర్ చొప్పున అయితే దాన్ని 1 మిల్ అంటారు. అలా లక్ష డాలర్ల ఇంటిపై 1 మిల్ లెవీ ఏడాదికి 35 డాలర్లు, రాయితీలుంటే ఇంకా తక్కువ.

భోజనం, రవాణా లాంటి సేవలన్నీ మెడికేరే చూసుకుంటుందని చాలామంది అనుకుంటారు. అది ప్రధానంగా వైద్య బీమా. రోజూ ఇంటికి భోజనం పంపడం దాని పని కాదు.