సీగల్స్ లెక్కింపుకి కొత్తగా వెళ్తున్నారా? ముందు కన్ను చూడండి

కెమెరా లేదు, పిట్టల పేర్లు సరిగా రావు, అయినా జనవరిలో జరిగే నీటిపక్షుల లెక్కింపుకి శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం వైపు వలంటీరుగా వెళ్ళొచ్చా అని అడిగారు. తప్పకుండా వెళ్ళొచ్చండి. నేను ఆరేళ్ళుగా వెళ్తున్నాను, నా దగ్గర ఇప్పటికీ కెమెరా లేదు. ఒక 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. అద్దాలున్న) బైనాక్యులర్, చిన్న నోట్‌బుక్, పెన్సిల్ ఉంటే చాలు.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు చెప్తాను, కొత్తవాళ్ళు ఎక్కువగా పొరబడేది అక్కడే. వంశధార నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక దిబ్బ మీద 180 దాకా సీగల్స్ కూర్చుని ఉన్నాయి. తెల్లటి తల, కంటి వెనక నల్లటి చుక్క, ఎర్రటి ముక్కు, ఎర్రటి కాళ్ళు. పుస్తకంలో బొమ్మతో సరిపోయిందని అన్నిటినీ బ్లాక్ హెడెడ్ గల్స్ (నల్ల తల సీగల్స్) అని రాసేశాను. తర్వాతి వారం మాతో వచ్చిన ఒక పెద్దాయన స్పాటింగ్ స్కోప్ (స్టాండు మీద పెట్టే దుర్భిణి) నిలబెట్టి, "తల తర్వాత, ముందు కన్ను చూడమ్మా" అన్నారు. చూశాను. కంటిపాప చుట్టూ పాలిపోయిన తెలుపు, దాని అంచున సన్నటి ఎర్ర గీత. అంతలో ఆ పిట్టే రెక్క విప్పింది. కొస నల్లగా ఉంది, ఆ నలుపులో తెల్లటి మచ్చలు. అది బ్రౌన్ హెడెడ్ గల్ (గోధుమ తల సీగల్). బ్లాక్ హెడెడ్‌కి కన్ను ముదురు రంగులో ఉంటుంది, ఎగిరేటప్పుడు రెక్క ముందంచున తెల్లటి పట్టీ కనిపిస్తుంది. చలికాలంలో రెండిటికీ తల రంగు పోతుంది కాబట్టి తలని నమ్ముకుంటే లాభం లేదు. పేర్లు కూడా మోసం చేస్తాయి, బ్లాక్ హెడెడ్ తల ఎండాకాలంలో నిజానికి చాక్లెట్ రంగు.

ఆ రోజు ఇంటికొచ్చి చూసిన పక్షుల జాబితాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నా పాత జాబితా సరిచేశాను. మనసు చాలా బాధపడింది. ఈ నీటిపక్షుల లెక్కలు 1987 నుంచి ఏటా జరుగుతున్నాయి. ఏ చిత్తడినేలైనా ఒక నీటిపక్షి జాతి మొత్తం సంఖ్యలో కనీసం 1 శాతానికి క్రమం తప్పకుండా ఆశ్రయమిస్తుంటే, అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడినేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపుకి అదొక అర్హత. పేరు తప్పు రాస్తే ఆ లెక్కే తప్పిపోతుంది. పిల్ల పక్షుల విషయంలో ఇంకా జాగ్రత్త. బ్రౌన్ హెడెడ్ పిల్లలకి కన్ను ముదురుగానే ఉంటుంది, రెక్క కొసన ఆ తెల్ల మచ్చలూ ఉండవు. అనుమానంగా ఉంటే "గల్, జాతి తెలియదు" అని రాయండి. అది కూడా పనికొచ్చే సమాచారమే.

ఇంకో సంగతి, మనది తూర్పు తీరం. పొద్దున్నే వెళ్తే సూర్యుడు సముద్రం మీద నుంచి నేరుగా మొహంలో కొడతాడు, పిట్టలన్నీ నల్లటి నీడల్లా కనిపిస్తాయి. మూడు దాటాక వెళ్ళండి, వెలుగు మన వీపు వైపు ఉంటుంది. పోటు ఎప్పుడో ముందే కనుక్కోండి. నీళ్ళు పెరిగి దిబ్బలు మునిగేకొద్దీ పిట్టలన్నీ మిగిలిన కాస్త ఇసుక మీదకి చేరతాయి, లెక్క సులువు. ఇది నాకు వల బాగుచేసుకుంటున్న ఒక తాత చెప్పాడు. "ఏటమ్మా, పిట్టల్ని లెక్కెడతన్నావా? పోటు రానీ, అన్నీ ఒక్కసోటికే వస్తాయి" అన్నాడు. నెత్తళ్ళు ఒడ్డుకి దగ్గరగా వచ్చాయో లేదో వీటిని చూసే చెప్పేస్తాడు ఆయన.

లెక్కపెట్టేటప్పుడు ముందు పది పిట్టలు ఎంత జాగా పట్టాయో చూసుకుని, ఆ కొలతతో గుంపంతా కొలవండి. ఇద్దరుంటే విడివిడిగా లెక్కేసి తర్వాత పోల్చుకోండి. దగ్గరికి మాత్రం వెళ్ళకండి. కూర్చున్నవి తలలెత్తి నడవడం మొదలెట్టాయంటే మనం ఎక్కువ దగ్గరికి వచ్చినట్టే, రెండడుగులు వెనక్కి వేయండి. లడఖ్, టిబెట్ సరస్సుల దగ్గర పిల్లల్ని చేసి, హిమాలయాలు దాటి వచ్చినవి ఈ బ్రౌన్ హెడెడ్ గల్స్. ఇక్కడ వాటికి విశ్రాంతి కావాలి.

విజయనగరం వైపు ఉంటే కోనాడ దగ్గర చంపావతి మొగకి వెళ్ళండి. వీలైతే మార్చిలో కూడా ఒకసారి వెళ్ళి చూడండి. అప్పటికి తలల మీద గోధుమ రంగు వస్తూ ఉంటుంది, కానీ అది రెండు జాతులకీ వస్తుంది కాబట్టి అప్పుడు కూడా కన్ను, రెక్క కొస చూసే పేరు రాయండి.