కొరివి దయ్యం దెబ్బ ఎంతుండాలి?

ప్రశ్న: దేవరకొండ కోటలో జరిగేటట్టు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలేసుకుంట, ఒక్కొక్కరు ఒక్కో పాత్రై ఆడే కథ) ఆట రాసుకున్న. నా కొరివి దయ్యం తాకితే, తగిలిన దెబ్బంత గరిష్ఠ ప్రాణం (పాత్రకుండే ప్రాణం పాయింట్ల పైహద్దు) తగ్గుతది. రెండో పోరాటానికే అందరూ కూలబడుతున్రు. ఏం మార్చాలె? – ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: ఈ నష్టం మామూలు వైద్యమంత్రాలకు మానదు, లాంగ్ రెస్ట్ (పాత్రలు తీసుకునే సుదీర్ఘ విశ్రాంతి) దాకా పేరుకుంటూ పోతుంది. చిక్కంతా అక్కడే. దెబ్బంత కాకుండా, నాలుగు ముఖాల పాచిక ఒక్కటి వేసి అంతే తగ్గించండి, అదీ రౌండుకు (అందరి వంతులూ ఒకసారి పూర్తయ్యే చుట్టుకు) ఒక్కసారే. ఈ నష్టాన్ని ఒంటి దారుఢ్యంతో తప్పించుకునేందుకు ఇరవై ముఖాల పాచిక వేసే కాన్‌స్టిట్యూషన్ సేవ్‌కు డీసీ (అందుకోవాల్సిన అంకె) 12 చాలు: పాచికకు +5 కలిసే యోధుడు 30 శాతం, ఏమీ కలవని మాంత్రికుడు 55 శాతం సార్లు ఓడతారు. 14 పెడితే మాంత్రికుడికి 65 శాతం. మూడో లెవెల్ లాంటి తొలి దశ జట్టుకు అది అన్యాయమే.

అన్నిటికన్నా ముఖ్యం బలహీనత. నీళ్లు కుమ్మరిస్తే దయ్యం తర్వాతి వంతు ముగిసేదాకా ఈ శక్తి ఆరిపోవాలి. అందుకు ఒక యాక్షన్ (తన వంతులో చేసే ప్రధాన పని) ఖర్చవ్వాలి, లేకుంటే కత్తి దూస్తూనే నీళ్లూ పోస్తారు. ఆటగాళ్లకు నీళ్ల సంగతి తట్టేలా, ముందు గదిలోనే తడినేల మీద ఆరిన కొరివి కనిపించనివ్వండి.