బఫింగ్ చక్రం ముందు నిలబడే ముందు

చిరంజీవి చిన్నాకు ఆశీస్సులు.

నువ్వు పాత పద్మిని కారు కొన్నావనీ, దాని ఒంటిమీది మెరుపు పట్టీలన్నీ నీ చేత్తోనే బాగుచేస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మన వంశంలో మళ్ళీ ఒకడు సుత్తి పట్టాడని ఓ పక్క పొంగిపోతూనే ఉన్నాను.

ముందు ఆర్.సి. చూడు. ఆ బండికి పద్మిని పేరు 1974లో వచ్చింది. అంతకు ముందు ప్రెసిడెంట్, ఇంకా ముందు ఫియట్ డిలైట్. చూసుకోకుండా బ్యాడ్జీలు కొన్నావంటే నవ్వుతారు.

పట్టీని ఒక కొస పట్టి పీకకు, ప్రతి క్లిప్పు దగ్గరా చెక్కబద్దతో లేపు. బంపరు ప్లేటింగ్ వాడికి ఇచ్చెయ్. నికెల్ మీద ఉండే క్రోమ్ పూత ఒక మైక్రాన్ కూడా ఉండదు, నువ్వు రుద్దితే మిగలదు. అల్యూమినియం ముక్కల్ని కాస్టిక్ సోడాలో వేసి టీకి పోకు, పైపొరతో పాటు లోహాన్నీ తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు సొట్టలైతే వెనకనుంచి పసిపిల్లని జోకొట్టినట్టు తట్టు. ఆపైన వాటర్ పేపర్, అదే నీళ్ళతో రుద్దే గరుకు కాగితం: 400, 800, 1500. నంబరు పెరిగేకొద్దీ నునుపు. నంబరు మారినప్పుడల్లా అడ్డంగా రుద్దితే పాత గీత పోయిందో లేదో తెలుస్తుంది.

ఇక బఫింగ్, అంటే తిరిగే గుడ్డచక్రానికి ఆనించి మెరుగుపెట్టడం. ఇది కూర్చుని చదువు.

1978లో బెజవాడ ఆటోనగర్‌లో నాకో రేకుల షెడ్డు. ఒక డాక్టరుగారి ఫియట్ తెల్లారితే పెళ్ళికి వెళ్ళాలి. మెడలో తుండు, చేతులకి గుడ్డ తొడుగులు, కాళ్ళకి లుంగీ. నా అవతారం అదీ! సెలవులకి వచ్చిన మీ నాన్నకి పన్నెండేళ్ళు. పొడుగు పట్టీ రెండో కొస పట్టుకోరా అన్నాను. చక్రం నిమిషానికి 2800 చుట్లు, మన వైపు పైనుంచి కిందికి దిగుతుంది. పట్టీని దాని నడుముకి కాస్త దిగువన ఆనించాలి. తెలియక కాదు, తొందర. పైన ఆనించాను. ఎదురంచు తగలగానే చక్రం పట్టీని చేతుల్లోంచి లాక్కుని, పాములా మెలితిప్పి విసిరికొట్టింది.

మీ నాన్న కనుబొమ్మ మీద గాటు సైకిల్ మీంచి పడినది కాదురా. నాకు తిట్లు పడకూడదని మీ నాయనమ్మకి వాడు చెప్పిన అబద్ధం అది. కంటికి అరంగుళం పైన. రిక్షాలో నా తుండు నుదుటికి అదిమిపట్టుకుని, "అన్నయ్యా, పట్టీ వంగిపోయిందా?" అన్నాడు వెధవ.

అందుకని చెవులు రిక్కించుకుని విను. పట్టీని చెక్కకి బిగించాకే చక్రం దగ్గరికి తీసుకెళ్ళు. తొడుగులు వద్దు, వదులు బట్టలు వద్దు, ఆ కడియం తీసెయ్. కళ్ళద్దాలు పెట్టుకో. మీ చెల్లిని కొస పట్టుకోమన్నావంటే కాళ్ళు విరగ్గొడతాను.

డాక్టరుగారికి వేరే పట్టీ వెతికిచ్చాను. వంగినది ఇప్పటికీ మా అటక మీదే ఉంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తాను, చెయ్యి తిరిగేదాకా దాని మీద నేర్చుకుందువుగాని. అప్పటిదాకా ఆ మోటారు ప్లగ్గు పెట్టకు.

మీ పెదనాన్న