బేతాళుడి బొమ్మలను తూకానికి వేయకండి

ప్రశ్న: మా ఇంట్లో రెండు అట్టపెట్టెల నిండా 1970ల నాటి చందమామలు ఉన్నాయి. ఇల్లు మారుతున్నాం కనుక తూకానికి వేసేయమంటున్నాడు మా అబ్బాయి. బేతాళ కథలకు బొమ్మలు వేసిన శంకర్ గారంటే నాకు ప్రాణం. ఆయన గురించి చెప్పండి. ఈ పుస్తకాలను ఎలా దాచుకోవాలి?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, ఆ పెట్టెలను మాత్రం వదులుకోకండి.

నా ఏడో ఏట, గుంటూరు బ్రాడీపేటలో, పక్కింటివారు చదివాక చందమామ మా ఇంటికి ఒక్క రాత్రికి వచ్చేది. కొబ్బరినూనె రాసిన కాగితాన్ని విక్రమార్కుడి బొమ్మ మీద పరచి పెన్సిలుతో దిద్దేవాణ్ణి. మీసం వచ్చేది, కత్తి వచ్చేది, భుజాన శవమూ వచ్చేది. ఆ నడక మాత్రం వచ్చేది కాదు. అంత బరువు మోస్తున్నా తొణకని రాజు నడక అది. నూనె మరక అంటిన పుస్తకం తిరిగి ఇస్తూ మా అమ్మ వాళ్ళకు చేతులు జోడించింది.

శంకర్ గారి అసలు పేరు కె.సి. శివశంకరన్. 1924లో తమిళనాడులో పుట్టారు. మద్రాసు చిత్రకళా పాఠశాలలో చదివి, 1952లో చందమామలో చేరారు. కొడవటిగంటి కుటుంబరావు గారు ఆ పత్రిక బాధ్యతలు తీసుకున్నదీ ఆ ఏడాదే. కుటుంబరావు గారిదీ, చందమామ స్థాపకుల్లో ఒకరైన చక్రపాణి గారిదీ మన తెనాలే. తెనాలివారి తెలుగుకు ఒక తమిళుడి కుంచె తోడైంది. ఆ బొమ్మలే అన్ని భాషల చందమామలకూ వెళ్ళేవి. శంకర్ గారు 2020లో, 96 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. మరుసటి ఏడాది పద్మశ్రీ ప్రకటించారు. ఆయన ఉండగానే ఇవ్వవలసింది.

మాంత్రికులు, రాక్షసులు, వింత జంతువుల విషయంలో నా ఓటు చందమామకే బొమ్మలు వేసిన ‘చిత్రా’ గారికే. మనుషులు కావాలంటే శంకర్ గారి దగ్గరికే వెళ్ళాలి. ఆయన రాజసభలో వెనక వరుస భటుడికి కూడా తనదైన ముఖం ఉంటుంది. మీ పుస్తకాల్లో చూడండి.

ఇక దాచుకోవడం. తుప్పు పట్టిన పిన్నులు నెమ్మదిగా తీసి, నూలుదారంతో కుట్టండి. చిరుగులకు సెల్లోటేపు వద్దు, దాని జిగురు కొన్నేళ్ళకు పసుపు మరకగా మిగులుతుంది. ప్లాస్టిక్ సంచుల్లో కట్టేస్తే మన ఊళ్ళ ఉక్కకు బూజు పడుతుంది. ఎండలో పెడితే రంగులు పోతాయి, నీడన గాలికి ఆరబెట్టండి. బైండింగుకు ఇస్తే అంచులు కోయవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పండి. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో వెతికి వెతికి కూర్చుకున్న నా సంపుటంలో, మూలల్లోని శంకర్ సంతకాలు సగానికి తెగిపోయాయి. చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

ఇల్లు మారే రోజున ఆ రెండు పెట్టెలనూ సామాన్ల లారీ ఎక్కించకండి. ఆటోలో మీ పక్కనే పెట్టుకోండి.