ఎనిమిది మంది కట్టారంటే ఎనిమిది మందికీ తెలిసినట్టా?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. ప్రభుత్వ టీచర్‌గా ఈ మధ్యే 61 ఏళ్లకు రిటైరయ్యాను. వచ్చిన డబ్బులో 42 లక్షలు ఒకే బ్యాంకులో ఎఫ్‌డీ చేశాను. బ్యాంకు మునిగితే 5 లక్షలే ఇస్తారని, మిగతాది బ్యాంకే ఉంచేసుకునేలా చట్టం చేశారని వాట్సాప్‌లో మెసేజ్ తిరుగుతోంది. మా మరిది శంకర్‌పల్లి వైపు ప్రీలాంచ్‌లో, అంటే పర్మిషన్లు రాకముందే అమ్మే చోట, ఫ్లాట్ చూపించాడు. ఇప్పుడు 38 లక్షలు మొత్తం కట్టేస్తే చాలట, రెరా (ఇళ్ల ప్రాజెక్టులను రిజిస్టర్ చేసే ప్రభుత్వ సంస్థ) నంబర్ వచ్చాక 70 లక్షలు దాటుతుందట, మెట్రో కూడా వస్తుందట. మా బంధువుల్లో ఎనిమిది మంది కట్టేశారు. ఎఫ్‌డీ తీసేసి కట్టమంటారా?

జవాబు: వద్దు మేడమ్. ఈ ఫ్లాట్‌కు ఇప్పుడు ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ముందు బ్యాంకు సంగతి. 2017లో పార్లమెంటులో ఒక బిల్లు పెట్టారు. మునిగిపోతున్న బ్యాంకును గట్టెక్కించడానికి డిపాజిట్లు కూడా వాడుకోవచ్చేమో అన్న భయం దాంతోనే మొదలైంది. 2018లో ఆ బిల్లును వెనక్కి తీసుకున్నారు, అది చట్టం కాలేదు. మెసేజ్ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. 5 లక్షల మాట నిజమే, కానీ అది మీకు మేలు చేసేది. బ్యాంకు దెబ్బతింటే ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటర్‌కు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా బీమా ఉంటుంది. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. అంటే రక్షణ పెరిగింది. దాన్నే భయపెట్టడానికి వాడుతున్నారు.

ఇక ఫ్లాట్. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ధర కాదు, ఆ ఎనిమిది మంది. ఎనిమిది మంది కట్టారంటే ఎనిమిది మంది కాగితాలు చూసి కట్టారని మీరు అనుకుంటున్నారు. మీ మరిదిని నెమ్మదిగా అడగండి: ఈ సంగతి ఎవరు చెప్పారు, వాళ్లకెవరు చెప్పారు, ఎవరైనా పర్మిషన్ కాగితం కళ్లతో చూశారా అని. ఇలాంటి చోట్ల నాకు ఎక్కువగా కనిపించేది ఒకటే. ఒక ఏజెంట్ ఒకరికి చెబుతాడు. ఆయన కట్టాడని రెండో ఆయన, ఇద్దరూ కట్టారని మూడో ఆయన కడతారు. చివరికి ఎనిమిది మంది ఉంటారు, తెలిసినవాడు ఒక్కడూ ఉండడు. మీ మరిది మిమ్మల్ని మోసం చేస్తున్నాడని నేను అనడం లేదు. మనస్ఫూర్తిగా నమ్మే చెబుతూ ఉండొచ్చు. నమ్మకం ఎంత గట్టిదైనా అది పర్మిషన్ కాగితం కాలేదు.

రెరా చట్టం 2016లో వచ్చింది. 500 చదరపు మీటర్లు, 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మీ దగ్గర అడుగుతున్నది 100 శాతం. రిజిస్టరైన ప్రాజెక్టులో కొన్నవాళ్లు కట్టిన దాంట్లో 70 శాతం విడి ఖాతాలో ఉంచి, స్థలానికీ నిర్మాణానికీ మాత్రమే వాడాలి. ప్రీలాంచ్‌లో అలాంటి ఖాతా ఉండదు. మీ డబ్బుతో వాళ్లు వేరే చోట స్థలం కొన్నా మీకు తెలియదు. సగం ధరకు ఇస్తామనడం వెనక సంగతి ఇదే: వడ్డీ లేకుండా, హామీ లేకుండా మీరు వాళ్లకు అప్పు ఇస్తున్నారు.

శంకర్‌పల్లి అన్నారు కాబట్టి ఇంకొకటి. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడటానికి నిర్మాణాలపై ఆంక్షలు పెడుతూ 1996లో తెచ్చిన 111 జీవో పరిధిలోని 84 గ్రామాల్లో ఆ మండలం ఊళ్లూ ఉన్నాయి. 'జీవో ఎత్తేస్తున్నారంట' అనే మాట మీదే అక్కడ ఏళ్ల తరబడి భూములు చేతులు మారాయి. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 69 జీవో వచ్చినా షరతులతోనే వచ్చింది. కాబట్టి సర్వే నంబర్ తెలియకుండా ఆ వైపు దేని గురించీ మాట్లాడుకోవద్దు. ఆ స్థలం చెరువు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దులో) గానీ బఫర్‌లో (దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలో) గానీ పడుతుందేమో కూడా చూడాలి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక అలాంటి చోట్ల కూల్చివేతలు మీరూ టీవీలో చూసే ఉంటారు.

మరిదితో గొడవ పడనక్కర్లేదు. 'రెరా నంబర్ వచ్చాక చూస్తాను' అనండి చాలు. నంబర్ ఇస్తే తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో మీరే వెతకండి. పర్మిషన్, ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే కాగితం), లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) మీరు పెట్టుకున్న లాయర్‌కు చూపించండి, వాళ్లు చూపించే లాయర్‌కు కాదు. అప్పటికి ధర పెరిగి ఉంటే పెరగనివ్వండి. ఇది మీ నెల ఖర్చులు నడవాల్సిన డబ్బు. ఇంకా లేవని ఫ్లాట్ నుంచి మందుల బిల్లుకు డబ్బు రాదు.

మీ 42 లక్షల్లో 30 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో పెట్టండి. ఒకరికి గరిష్ఠ పరిమితి అదే. కేంద్ర ప్రభుత్వ పథకం, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. పోస్టాఫీసులో గానీ బ్యాంకులో గానీ తెరవొచ్చు. మిగిలిన 12 లక్షలు మూడు బ్యాంకుల్లో నాలుగేసి లక్షలుగా రెండేళ్ల ఎఫ్‌డీ చేస్తే వడ్డీతో కలిపినా బీమా పరిధి దాటదు. ఇప్పటి ఎఫ్‌డీ ముందుగా తీస్తే వడ్డీలో ఎంత కోత పడుతుందో బ్యాంకులో అడిగాకే కదిలించండి. హడావుడి ఏమీ లేదు.

కట్టేసిన బంధువులకు ఒక మాట చేరవేయండి. రసీదులు, చెక్కుల వివరాలు, వాట్సాప్‌లో వచ్చిన బ్రోచర్లు అన్నీ జాగ్రత్త చేసుకోవాలి. ఇక మీదట నగదు రూపంలో ఏమీ ఇవ్వకూడదు. రెరా నంబర్ ఎప్పుడొస్తుందో రాతపూర్వకంగా అడగాలి. జవాబు రాకపోతే ఆలస్యం చేయకుండా లాయర్‌ను కలిసి తెలంగాణ రెరాలో ఫిర్యాదు చేయాలి.