సోషియాలజీ, క్రిమినాలజీ తీసుకుంటానంటున్న సింధుకి

సింధూ,

మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. చెన్నైలో బీఏ, అదీ సోషియాలజీ, క్రిమినాలజీ అంటున్నావట కదా. దొంగల చదువు చదివితే రేపు సంబంధాలెలా వస్తాయక్కా అని ఓ అరగంట వాయించింది. ఆవిడ సంగతి నేను చూసుకుంటాలే. రిటైరయ్యేదాకా పిల్లలకి సోషియాలజీ చెప్పినదాన్ని కాబట్టి నీకు చెప్పాల్సినవి కొన్నున్నాయి, ఫోన్లో అయితే నువ్వు ఊ ఊ అంటూ రీల్స్ చూస్తావని రాస్తున్నా.

ముందు ఒకటి తేల్చుకో. సిరీస్‌లు చూసి వేలిముద్రలు, రక్తపు మరకలు, డీఎన్ఏ అనుకుని చేరుతుంటే మాత్రం ఆగు, అది ఫోరెన్సిక్ సైన్స్, దానికి సైన్స్ డిగ్రీ కావాలి, ల్యాబ్ ఉద్యోగాలకి బీఏ వాళ్లని తీసుకోరు. క్రిమినాలజీ ప్రశ్నలు వేరే. ఏ పనిని నేరం అన్నారు, ఎవరన్నారు, కేసు ఎవరి మీద పడింది, ఎవరి మీద పడలేదు, జైలుకెళ్లొచ్చినవాడికి ఊళ్లో పని ఎవరిస్తారు, ఇవీ. వీటి మీద ఇంట్రెస్ట్ ఉంటేనే చేరు.

ఫస్టియర్లో దుర్ఖైమ్, మెర్టన్, సదర్లాండ్, బెకర్ అని ఈ సబ్జెక్టు పెద్ద తలకాయలు వరసగా వస్తారు. బట్టీ కొట్టి పాసవడం పెద్ద కష్టమేం కాదు, అందరూ చేసేదదే. నువ్వు ప్రతి పేరు పక్కనా మన దగ్గరి కేసొకటి రాసుకో. సదర్లాండ్ 1939లో, నేరం అంటే పేదవాళ్ల పనే అనుకుంటున్నారు, కోటు వేసుకున్నవాళ్లు చేసేది మీ లెక్కలోకే రావట్లేదు అన్నాడా, పక్కన సత్యం కంప్యూటర్స్ అని రాయి. 2009 జనవరిలో ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు తనంతట తను లెటర్ రాసి ఒప్పుకునేదాకా ఆ దొంగలెక్కలు బయటికి రాలేదు. 2015 ఏప్రిల్లో ఏడేళ్ల శిక్ష పడింది, మే నెలలో బెయిలొచ్చింది. ఇటు మన దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది ఇంకా నేరం రుజువు కాని అండర్ ట్రయల్సే, వాళ్లలో బెయిలిచ్చినా జామీనుకి మనిషి దొరక్క లోపలే ఉండిపోయినవాళ్లుంటారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడు, సదర్లాండ్ ఎందుకు గొడవపెట్టాడో అర్థమవుద్ది.

బెకర్ పక్కన అయితే ఆలోచించక్కర్లేదు, స్టువర్ట్‌పురం రాయి. మనిషికి నేరస్తుడని ముద్ర వేస్తే ఆ ముద్రే వాణ్ని నడిపిస్తుందని ఆయన పుస్తకం వేసింది 1963లో, మన బాపట్ల పక్కన ఆ ముద్ర వేసి ఊరే కట్టారు, అదీ దానికి సుమారు యాభై ఏళ్ల ముందు. ఆ ఊళ్లో పెట్టిన ఎరుకలవాళ్లు ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పు వేసుకుని తీరం నుంచి లోపలి ఊళ్లకి పోయి ధాన్యానికి మార్చుకునేవాళ్లు. రైళ్లొచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగించింది, వ్యాపారం పోయింది. అసలే తిరిగే జనం అంటే ఇంగ్లీషువాళ్లకి అనుమానం, కొన్ని తెగల్ని మొత్తంగా నేరస్తులని రాసేసే క్రిమినల్ ట్రైబ్స్ చట్టం ఒకటి 1871లో ఉత్తరాదిన పెట్టారు, దాన్ని 1911లో మద్రాసు వైపుకీ తెచ్చారు, ఇంక పుట్టిన బిడ్డ కూడా ఆ లెక్కలోకే. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చి స్టువర్ట్‌పురం సెటిల్‌మెంట్ పెట్టించారు, హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాస్ కావాలి, చీరాల పొగాకు కంపెనీకి పనికి పోవాలి. 1952 నాటికి దేశమంతా ఆ చట్టం తీసేశారు, పేరు మాత్రం పోలా. ఇవాళ్టికీ ఆ ఊరి పేరు చెప్తే మనవాళ్ల నోట్లోంచి ముందొచ్చే మాటేంటో నీకు తెలుసు. జాషువా గారి అమ్మాయి హేమలతా లవణం గారు 1970ల్లో అక్కడికెళ్లి ఏం చేశారో చదువు, నీ సిలబస్‌లో ఉండదు, అయినా చదువు.

లెక్కలంటే భయమని సోషియాలజీ తీసుకునేవాళ్లుంటారు, నువ్వు ఆ బ్యాచ్‌లో కలవకు. దేశంలో నేరాల లెక్కలు వేసే ఎన్‌సీఆర్‌బీ రిపోర్టు రాగానే ఫలానా రాష్ట్రం నేరాల్లో నంబర్ వన్ అని టీవీలో అరుస్తారు చూడు, అక్కడున్నది నేరాల లెక్క కాదు, స్టేషన్లో రాసుకున్న కేసుల లెక్క. కేరళ రేటు ఎప్పుడూ పైనే ఉంటుంది, దానర్థం అక్కడ మనుషులు చెడ్డవాళ్లని కాదు, వెళ్తే కేసు రాస్తారని. పైగా ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగైదు నేరాలుంటే వాటిలో అన్నిటికంటే పెద్ద నేరం కిందే లెక్కేస్తారు. ఇలాంటివి రిపోర్టు ముందు పేజీల్లో రాసే ఉంటాయి, టేబుల్స్‌కి ముందు అవి చదవడం అలవాటు చేసుకో. ఎక్సెల్ బాగా వస్తే చాలు ఇప్పటికి.

ఎఫ్ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్లోనే దొరుకుతాయి, మన జిల్లావి నాలుగు దింపుకుని చదువు. సదరు ముద్దాయి, ఫిర్యాది, గుర్తు తెలియని వ్యక్తులు, ఈ భాష చిరాకుగానే ఉంటుంది, కానీ ఫిర్యాదిది పేరు, తండ్రి పేరు, వయసు అయ్యాక కులం, వృత్తి అని వస్తాయి చూడు, అక్కడ ఆగి ఆలోచించు. సెలవులకొచ్చినప్పుడు మేజిస్ట్రేటు కోర్టుకి పోయి వెనక బెంచీలో కూర్చో, ఎవరైనా వెళ్లొచ్చు. పొద్దున కేసులన్నీ వరసగా పిలుస్తారు, కాల్ వర్క్ అంటారు, అది అయ్యేలోపు ఎన్ని వాయిదాలు పడతాయో, ఏ కేసులో ఎవరు రాలేదని పడ్డాయో రాసుకో. చెన్నైలో అయితే తమిళం రాకుండా ఇవేవీ కుదరవు, కాబట్టి మొదటి ఏడాదే నేర్చుకో, రూమ్మేట్లతో ఇంగ్లీషులో కాలక్షేపం చెయ్యకు.

సీనియర్ల నోట్సు మాత్రం కొనకు. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, నంబర్లన్నీ మారిపోయాయి, మర్డర్ 302 కాదు 103, మనం తిట్టుకునే ఫోర్ ట్వంటీ కూడా ఇప్పుడు 318.

ఉద్యోగం సంగతి దాచను. ఒట్టి బీఏతో పెద్దగా రాదు. తర్వాత ఎంఏ గానీ, సోషల్ వర్క్‌లో పీజీ అంటే ఎంఎస్‌డబ్ల్యూ గానీ చేస్తే బాలల సంరక్షణ విభాగాలు, హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే వన్ స్టాప్ సెంటర్లు, ఎన్జీవోలు ఉన్నాయి, చాలావరకు కాంట్రాక్టే, జీతం తక్కువే. ఎస్సైకి ఏ డిగ్రీ అయినా చాలు, దానికోసం ఇది అక్కర్లేదు. సివిల్స్ రాయాలనుకుంటే సోషియాలజీ ఆప్షనల్‌గా పనికొస్తుంది, కానీ మూడేళ్లూ ఆ కోచింగ్ పుస్తకాలతోనే గడిపేస్తే డిగ్రీ చదివినట్టే కాదు.

ఆదివారం మీ ఇంటికొస్తున్నా. సిలబస్ ప్రింట్ తీసి పెట్టు, రీసెర్చ్ మెథడ్స్ పేపర్ ఏ సెమిస్టర్లో పెట్టారో చూడాలి, మరీ చివర్లో ఉంటే ఈ సెలవుల్లో నేనే మొదలుపెడతా.

పెద్దమ్మ