నన్ను నేను తక్కువగా చూసుకుంటుంటే: యువ పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: రోజూ కుటుంబ ప్రార్థన అయ్యాక ఒక్కదాన్నే కూర్చుని ఆ రోజు చేసిన తప్పులన్నీ గుర్తు చేసుకుంటాను. ఆత్మశోధన చేసుకోవాలని సత్యోపదేశం క్లాసులో సిస్టర్ గారు చెప్పారు. కానీ లేచేసరికి నేను దేనికీ పనికిరాననే అనిపిస్తోంది. పొరపాటు ఎక్కడుంది?
– డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: వరసలో ఉందమ్మా. మీరు మూడో మెట్టు దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నారు. ఈ పద్ధతిని రాసిపెట్టిన పునీత ఇగ్నేషియస్ లొయోలా (16వ శతాబ్దంలో యేసు సభను స్థాపించిన స్పెయిన్ గురువు) దాన్ని ఐదు భాగాలు చేశారు. మొదటిది తప్పుల లెక్క కాదు, కృతజ్ఞత. అది వదిలేసి నేరుగా తప్పుల్లోకి దిగితే దేవుడి ఎదుట కూర్చున్నట్టుండదు, పోలీసు ఠాణాలో కూర్చున్నట్టుంటుంది.

పడుకోబోయే ముందు కాకుండా రాత్రి భోజనానికి ముందు చేసి చూడండి. అలసిపోయి నిద్ర ముంచుకొచ్చే వేళ చిన్న తప్పు కూడా కొండంత కనిపిస్తుంది. ఫోన్ పక్క గదిలో పెట్టండి. మొత్తం పావుగంట చాలు, అంతకు మించనివ్వకండి.

మొదటి 4 నిమిషాలు మూడు మేళ్లకు పేరు పెట్టి కృతజ్ఞత చెప్పండి. 'ఆరోగ్యం ఇచ్చావు, చదువు ఇచ్చావు' అంటే లెక్కలోకి రాదు. 'పొద్దున బస్సులో ఒక పెద్దావిడ జరిగి నాకు చోటిచ్చింది' అన్నంత చిన్నది, అంత ఫలానా అని చెప్పగలిగేది కావాలి. ఆ మూడింటిలో ఒకటి మీరు చేసిన మంచి పని అయి ఉండాలి. అసలు కష్టం ఇక్కడే. మనవాళ్లలో చాలామంది దాన్ని గర్వం అనుకుని దాటేస్తారు. మీ చేత ఆ మంచి చేయించిన దేవుడికి కృతజ్ఞత చెప్పడం గర్వం ఎలా అవుతుంది?

తర్వాత ఒక నిమిషం, రోజును ఉన్నదున్నట్టు చూపించమని పవిత్రాత్మను అడగండి. ఆపైన 6 నిమిషాలు రోజును పొద్దుటి నుంచి వరసగా చూడండి. తప్పుల కోసమే వెతకొద్దు. మనసు ఎక్కడ తేలికపడింది, ఎక్కడ బిగుసుకుంది అన్నది చూడండి. క్లాసులో స్నేహితురాలిని మేడమ్ మెచ్చుకున్నప్పుడు మీరు పుస్తకంలోకి తల దించుకున్నారనుకోండి, అక్కడ ఆగండి. తర్వాతి 2 నిమిషాల్లో ఒకే ఒక్క విషయానికి క్షమాపణ. ఆ వాక్యంలో మీరు చేసిన పని కనిపించాలి. 'నేను చెడ్డదాన్ని' అన్నది పాపం కాదు, అందులో క్షమించడానికి ఏమీ లేదు. 'చెల్లి లెక్క అడిగితే విసుక్కున్నాను' అన్నది క్షమాపణ అడగదగ్గ మాట. చివరి 2 నిమిషాలు రేపటికి ఒక చిన్న పని, ఏ వేళకో కూడా అనుకుని, పరలోక జపంతో ముగించండి.

మొదటి వారం కృతజ్ఞత నోటికి రాదు. అప్పుడు నోటుబుక్కులో రోజుకో వాక్యం రాయండి. మేళ్లు మాత్రమే రాయండి, తప్పుల పట్టిక వద్దు. ఏమీ అనిపించని రోజులు కూడా వస్తాయి. మనసు చీకటిగా ఉన్నప్పుడు, ప్రశాంతంగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని మార్చవద్దన్నది ఇగ్నేషియస్ నియమాల్లో ఒకటి. అంటే ఆ రోజు ప్రార్థన మానేయకూడదు. శిక్ష వేసుకున్నట్టు పావుగంటను గంట చేయకూడదు కూడా.

ప్రశ్న: దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం) తీసుకునే ముందు ప్రతి పూజలో 'నేను అర్హుడను కాను' అంటాం. మరోపక్క యూత్ రిట్రీట్‌లో 'నువ్వు విలువైనవాడివి' అంటారు. రెండింటిలో ఏది నమ్మాలి?
– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: రెండూ నమ్మండి, కానీ మొదటి వాక్యాన్ని సగంలో ఆపకండి. ఆ మాట కఫర్నాములోని రోమా శతాధిపతిది, మత్తయి సువార్త 8వ అధ్యాయంలో ఉంది. తన ఇంటికి రావడానికి తాను తగనని అంటూనే, ఒక్క మాట సెలవిస్తే చాలు, సేవకుడు బాగుపడతాడంటాడు. ప్రభువు అతన్ని పంపేయలేదు, ఇంత విశ్వాసం ఇశ్రాయేలులోనే చూడలేదన్నాడు. పూజలో మనం చేసేదీ అదే. ఆ మాట అన్న వెంటనే గుడి బయటికి పోతున్నామా? లేచి, వరసలో నిలబడి, చేతులు చాపి స్వీకరిస్తున్నాం. అర్హత సంపాదించుకుంటేనే దక్కే బహుమతి అయితే ఆ వరసలో ఒక్కరూ ఉండరు.

2019లో యువతకు రాసిన 'క్రీస్తు జీవిస్తున్నాడు' అనే ప్రబోధంలో పోప్ ఫ్రాన్సిస్ ముందుగా చెప్పే సత్యం కూడా దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడన్నదే. మారతావనో, మార్కులు తెస్తావనో ఆయన షరతు పెట్టలేదు. రిట్రీట్‌లో చెప్పిన మాట ఇంటికొచ్చాక నిలవకపోవడానికి కారణం తరచూ ఒక్కటే: పాటలు, చప్పట్లు ఉన్నప్పుడు విన్నాం తప్ప లేఖనం తెరిచి మనంతట మనం చదవలేదు. యెషయా 43:1-4 వచనాలను వారం రోజులు, రోజుకు రెండుసార్లు, పెదాలు కదిలేలా నెమ్మదిగా చదవండి. 'నీవు' అన్నచోట మీ పేరు పెట్టుకోండి. రోజుకో కొత్త వాక్యం వెతుక్కోవడం కంటే ఇది పనిచేస్తుంది.

ప్రశ్న: పాపసంకీర్తనం చేసి, అంటే గురువు (ఫాదర్) ఎదుట పాపాలు ఒప్పుకుని, వచ్చిన గంటకే 'సరిగా చెప్పానా, ఏదైనా దాచానా' అని మొదలవుతుంది. పాత పాపమే మూడుసార్లు చెప్పాను. సత్ప్రసాదానికి వెళ్లాలంటే భయం.
– ఒక యువకుడు, ఫిరంగిపురం

జవాబు: దీన్ని అనుమానపు మనస్సాక్షి అంటారు. పాపం ఎక్కువై వచ్చేది కాదు ఇది. పైన చెప్పిన ఇగ్నేషియస్ కూడా 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో ఇలాగే నలిగిపోయారు. అంతకుముందే మూడు రోజులు పట్టి పాపాలన్నీ రాసి ఒప్పుకున్నా తృప్తి లేదు. చనిపోవాలన్న శోధన వచ్చింది. వారమంతా తిండి మానేస్తే, భోజనం చేయమని ఆయన గురువు ఆజ్ఞాపించాల్సి వచ్చింది. చివరికి పాత పాపాలను మళ్లీ ఒప్పుకోవడం మానేశాకే తేరుకున్నారు.

మీరు చేయాల్సినవి ఇవి. ఒకే గురువు దగ్గరికి వెళ్లండి, మారుస్తూ ఉండకండి. మొదటి మాటగానే 'ఫాదర్, నాకు అనుమానాల బాధ ఉంది' అని చెప్పండి. ఎన్నాళ్లకోసారి రావాలో ఆయన్నే నిర్ణయించమనండి, మధ్యలో ఎంత తొందర పుట్టినా వెళ్లొద్దు. ముందు చేసుకునే ఆత్మశోధన 10 నిమిషాలు దాటకూడదు. పాపవిమోచన పొందిన పాపాన్ని మళ్లీ చెప్పకండి. నిజంగా మరచిపోయిన పాపం కూడా క్షమించబడినట్టే. అది పెద్దదైతే తర్వాతిసారి ఒక్క మాట చెబితే సరిపోతుంది.

చావైన పాపం (సత్ప్రసాదానికి అడ్డుపడే ఘోర పాపం) కావాలంటే మూడూ ఉండాలి: విషయం పెద్దదై ఉండాలి, తెలిసి చేయాలి, పూర్తి ఇష్టంతో చేయాలి. 'ఏమో, ఇష్టంతోనే చేశానేమో' అన్న అనుమానం మీ విషయంలో నేరం కింద రాదు. ప్రమాణం చేసి చెప్పగలిగేంత ఖాయంగా తెలిస్తే తప్ప సత్ప్రసాదం మానకండి. మీకు అనుమానంగా ఉన్నా గురువు చెప్పినట్టే చేయండి. ఇలాంటివారికి శ్రీసభలో (కతోలిక సంఘంలో) పాతకాలం నుంచీ చెబుతున్న మందు ఇది.

ఒక హెచ్చరిక. జపాన్ని 'సరిగ్గా' వచ్చేదాకా మళ్లీ మళ్లీ మొదలుపెట్టడం, చేతులు పదేపదే కడుక్కోవడం, తలుపు గడియ పదిసార్లు చూసుకోవడం లాంటివి కూడా ఉంటే అది వైద్యం ఉన్న జబ్బు కావచ్చు. గురువుతో పాటు మానసిక వైద్యుణ్ణి కూడా కలవండి.

ప్రశ్న: రీల్స్‌లో మా క్లాస్‌మేట్స్‌ను చూస్తే నా బతుకు ఏమీ కాదనిపిస్తుంది. అకౌంట్ తీసేయాలా?
– ఇంటర్ విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: తీసేసినవాళ్లలో చాలామంది మళ్లీ పెట్టుకుంటారు. హద్దు గీసుకోవడమే నిలుస్తుంది. 2025 సెప్టెంబరు 7న పునీతుడిగా ప్రకటించిన కార్లో అకుటిస్ కంప్యూటర్లంటే ప్రాణం పెట్టినవాడు, 15 ఏళ్లకే 2006లో లుకేమియాతో చనిపోయాడు. వీడియో గేములకు వారానికి గంటే అని తనకు తాను నియమం పెట్టుకున్నాడు, కంప్యూటర్ మాత్రం మానలేదు. మీరు నిద్ర లేచాక మొదటి అరగంట, పడుకునే ముందు అరగంట ఫోన్ ముట్టకండి. అసూయ పుట్టించిన పోస్టు కనిపిస్తే ఆ అమ్మాయి పేరుతోనే ఒక మంగళవార్త జపం చెప్పండి. మొదట పళ్లు కొరుక్కుంటూ చెప్పినట్టే ఉంటుంది, ఫరవాలేదు.

ప్రశ్న: కాలేజీ దరఖాస్తులో బీసీ-సీ అని రాయగానే చూపులు మారతాయి. మా విచారణలో (పారిష్‌లో) కూడా 'ఏ పేట?' అనే అడుగుతారు. దేవుడి దృష్టిలో అందరూ సమానం అంటే కోపం వస్తోంది.
– పీజీ విద్యార్థి, గుంటూరు జిల్లా

జవాబు: ఆ కోపం పాపం కాదు. ముందు రెండు విషయాలు విడదీద్దాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్ర, తెలంగాణల్లో దళిత క్రైస్తవులకు బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్ ఉంది. అది ప్రభుత్వ వర్గీకరణ. దాన్ని వాడుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదు.

రెండోది గుడి లోపలి వివక్ష. ఇది ఊహ కాదు. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల సాధికారతపై విధానపత్రం తెచ్చి, శ్రీసభలో వివక్ష ఉందని ఒప్పుకుని దాన్ని ఘోరమైన సాంఘిక పాపమంది. కాబట్టి ఈ మాట ఎత్తితే విశ్వాసానికి ఎదురు తిరిగినట్టు కాదు. కర్నూలు జిల్లాలో పుట్టిన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు, దళితుల నుంచి ఆ స్థానానికి వచ్చిన మొదటివారు ఆయనే. అదే ఏడాది మే 15న పునీతుడైన దేవసహాయం పిళ్లై పెద్ద కులంలో పుట్టి, అన్ని కులాలవారితో కలిసిమెలిసి ఉన్నందుకు కూడా హింస పడి 1752లో ప్రాణాలిచ్చారు.

ప్రార్థనను కోపం మింగడానికి వాడకండి. కీర్తనల గ్రంథంలో ఫిర్యాదులు చాలానే ఉన్నాయి. 10వ కీర్తన గట్టిగా చదవండి, దేవుణ్ణి నిలదీయడం ఎలాగో అందులో ఉంది. సాయంత్రం మరియమాత స్తుతిగీతం చదవండి, లూకా 1:46-55. బలవంతులను గద్దె దించి, దీనులను లేవనెత్తిన దేవుణ్ణి పాడుతుంది ఆ గ్రామీణ యువతి. శ్రీసభ దాన్ని రోజూ సాయంకాల ప్రార్థనలో చెబుతోంది. పని విషయానికొస్తే, పఠనాలు చదివేవారి జాబితా, పండుగ కమిటీ, గాయక బృందం, ఈ మూడింటిలో ఏ పేటవారు ఎంతమంది ఉన్నారో కాగితం మీద రాసి, ఇద్దరు ముగ్గురు కలిసి విచారణ సలహా సంఘం ముందు పెట్టండి. ఒక్కరే వెళ్తే దాన్ని మీ సొంత గొడవగా తీసిపారేస్తారు.

ప్రశ్న: తమ్ముడు ఇంటర్‌లో రెండు సబ్జెక్టులు తప్పాడు. 'నేను లేకపోతే మీకు బరువు తగ్గుతుంది' అంటున్నాడు. అమ్మ గుణదల మాతకు మొక్కుకుంది. ఉపవాస ప్రార్థన పెట్టించమంటారా?
– ఒక అక్క, ఏలూరు

జవాబు: ఈ పత్రిక పక్కన పెట్టి ముందు వాడి దగ్గర కూర్చోండి. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, దాచుకున్నది బయటికి వస్తుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు. ఇంట్లోని పురుగుమందు, మాత్రలు తాళంలో పెట్టండి. టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, ఇది ప్రభుత్వ ఉచిత సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణాపాయం కనిపిస్తే నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వాడికి ఉపవాసం వద్దు. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలియా చెట్టు కింద పడుకుని ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడుగుతాడు. దూత వచ్చి ఉపదేశం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. దేవుని కొండకు ప్రయాణం ఆ తర్వాతే. వైద్యుణ్ణి దేవుడే నియమించాడని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం చెబుతుంది, మందులు వాడితే విశ్వాసం తగ్గినట్టు కాదు.

అమ్మ మొక్కు తీర్చుకోవచ్చు, వాడు ఇష్టపడితే వాణ్ణి తీసుకుని ఫిబ్రవరి ఉత్సవాలకే వెళ్లొచ్చు. కుటుంబ ప్రార్థనలో మాత్రం 'ప్రభువా, వీడికి బుద్ధి ప్రసాదించు' అని పైకి అనకండి. అది వాడి చెవికి తిట్టులాగే వినిపిస్తుంది. 'వీణ్ణి మాకిచ్చినందుకు వందనాలు' అనండి, వాడు వినేలా. సప్లిమెంటరీ ఫీజు గడువు మీరు చూసుకోండి, వాడి మీద వేయొద్దు.

ప్రశ్న: జపమాల మధ్యలో నిద్రపోతాను. నా ప్రార్థనకు విలువ ఉంటుందా?
– నర్సింగ్ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: చిన్న తెరేజమ్మ (ఫ్రాన్సులోని లిసియూకు చెందిన పునీతురాలు) కూడా మఠంలో ప్రార్థన వేళ నిద్రపోయేది. పిల్లలు మేలుకున్నా నిద్రపోయినా తల్లిదండ్రులకు ముద్దే కదా అని తనకు తాను చెప్పుకుంది. ఆమె శ్రీసభ పండితురాలు, అందుకే ధైర్యంగా చెబుతున్నాం. మొత్తం జపమాలకు 20 నిమిషాలు పడుతుంది, నైట్ డ్యూటీ చేసినవారు మంచం మీద పడుకుని మొదలుపెడితే ఐదు దేవరహస్యాల్లో (పదేసి మంగళవార్త జపాల భాగాల్లో) రెండోది దాటదు. ఒకేసారి చెప్పాలన్న నియమం లేదు. పొద్దున ఒకటి, హాస్టల్ నుంచి వార్డుకు నడిచేటప్పుడు ఒకటి, ఒక్కోదానికి మూడు నాలుగు నిమిషాలు. నిద్రపోతే మొదటి నుంచి ఎత్తుకోకండి, ఆగినచోటి నుంచి సాగించండి. పూసలు చేతిలో లేకపోతే వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.